ఎరుపు కప్పబోతే ముఖం బూడిద రంగుకు ఎందుకు తిరుగుతుంది?

అనంతపురం నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు బుగ్గల మీద, ముక్కుకు రెండు పక్కలా ఎరుపు చాలాకాలంగా ఉంది. ముక్కు పక్కన చర్మం కొద్దిగా పొట్టు కూడా రేగుతుంది. వైశాఖంలో తమ్ముడి పెళ్లి ఉండడంతో, వీడియోలో చూసి ఆకుపచ్చ కలర్ కరెక్టర్ తెప్పించుకుని, ముఖమంతా రాసి, పైన ఫౌండేషన్ వేసి చూసుకున్నారు. ఎరుపు తగ్గింది గానీ ముఖం బూడిద పూసినట్టు కనిపించింది. లోపం ఎక్కడుంది, పెళ్లినాటికి ఏం చేయాలి, అదే ట్యూబును చెల్లెలి మొటిమల మచ్చలకు వాడవచ్చా అని అడిగారు. కర్నూలులో ఏళ్ల తరబడి పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తున్న అనుభవంతో నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా అసలు విషయం చెబుతాను. ఆకుపచ్చ కరెక్టర్ ఎరుపును కప్పి దాచేది కాదు, ఎరుపు తీవ్రతను దించేది. సగం ఎరుపును అది దించితే, మిగిలిన సగాన్ని మీ ఒంటి రంగుకు సరిపోయే ఫౌండేషన్ చూసుకోవాలి. ఎరుపు పూర్తిగా మాయమయ్యేదాకా ఆకుపచ్చే పూస్తూ పోతే, చర్మానికి సహజంగా ఉండవలసిన ఎరుపు కూడా దానితోపాటే పోతుంది. గోధుమవన్నె, చామనఛాయ ముఖాల్లో కళ అంతా ఆ కొద్దిపాటి ఎరుపులోనే ఉంటుంది కాబట్టి, అది పోయిన చోట మిగిలేది బూడిద రంగే. మీ విషయంలో జరిగింది ఇదే. కావలసినదానికన్నా ఎక్కువ పూశారు, అక్కరలేని చోట కూడా పూశారు, బహుశా మన రంగుకు పొసగని ఆకుపచ్చను ఎంచుకున్నారు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎంత వాడాలో చెయ్యికే తెలుస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ వెలుగులో ఆకుపచ్చ, పసుపు భాగాలను బాగా పీల్చుకుంటుంది. 542, 577 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర ఆ పీల్చుకోవడం మరీ ఎక్కువగా ఉంటుంది. ఎరుపు భాగాన్ని మాత్రం వెనక్కి పంపుతుంది. అందుకే చర్మం కింద సన్నని రక్తనాళాలు వెడల్పు అయిన చోట ముఖం ఎర్రబడుతుంది. ఆకుపచ్చ వర్ణకం దీనికి సరిగ్గా తలకిందులుగా, ఎరుపును పీల్చుకుని ఆకుపచ్చను వెనక్కి పంపుతుంది. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి చేరినప్పుడు కంటికి ఏ రంగూ పైకి తేలదు. ధర్మవరం మగ్గం మీద పడుగు ఎరుపు పోగుతోనూ పేక ఆకుపచ్చ పోగుతోనూ నేస్తే, నాలుగడుగుల దూరం నుంచి చూసేవారికి ఎరుపూ కాని, ఆకుపచ్చా కాని ఒక మట్టి ఛాయ కనిపించడం మీరు చూసే ఉంటారు. ముఖం మీద జరిగేది కూడా ఆ పనే. పేక పోగు ఎక్కువైతే బట్ట ఆకుపచ్చ వైపు మొగ్గినట్టే, కరెక్టర్ ఎక్కువైతే ముఖం పాలిపోతుంది.

ఇక మన రంగు సంగతి. చర్మం ఎండకు ఎలా స్పందిస్తుందో చూసి దానిని తరగతులుగా విడదీసే పద్ధతిని 1975లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే వైద్యుడు రూపొందించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఆరు తరగతుల్లో మన ప్రాంతంవాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తారు. మీరు చూసే వీడియోల్లో చాలావరకు ఒకటి, రెండు తరగతుల తెల్లని చర్మం మీద చేసినవి. ఆ చర్మం మీద ఎరుపు గులాబీ రంగులో తేటగా కనిపిస్తుంది కాబట్టి లేత ఆకుపచ్చ దానికి చక్కగా సరిపోతుంది. మన చర్మంలో ఒంటికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ. కింద ఉన్న ఎరుపు దాని గుండా బయటికి వచ్చేటప్పటికి ముదురు ఎరుపుగానో, ఊదా కలిసిన గోధుమ రంగుగానో మారుతుంది. పైగా ఆ లేత ఆకుపచ్చ ట్యూబుల్లో ఆకుపచ్చ కన్నా తెల్లని టైటానియం డయాక్సైడ్ ఎక్కువగా ఉంటుంది. ముదురు చర్మం మీద తెల్లని పొడి పలుచగా పరిస్తే బూడిద ఛాయ తప్పదు. మీ ట్యూబులోని ముద్దను చేతి వెనుక రాసి చూడండి. తెల్లని చారికలాగా తేలితే అది మీకు పనికిరాదు. చర్మం కనబడేంత పలుచగా, కాస్త పసుపు వైపు మొగ్గిన ఆకుపచ్చగా పరుచుకుంటే పనికివస్తుంది. పదార్థాల జాబితాలో సీఐ 77288 లేదా సీఐ 77289 అనే సంఖ్య ఉంటే అవి క్రోమియం ఆధారిత ఆకుపచ్చ వర్ణకాలు. అవి జాబితాలో ఎక్కడున్నాయి, టైటానియం డయాక్సైడ్ ఎక్కడుంది అని చూసినా కొంత అంచనా దొరుకుతుంది.

చామనఛాయ వారికి నేను తరచుగా చెప్పేది, తక్కువ ఎరుపుకు కరెక్టర్ అసలు అవసరం లేదని. పసుపు అండర్‌టోన్ (లోపలి ఛాయ) ఉన్న ఫౌండేషన్ ఒక్కటే ఆ పని చేస్తుంది. గులాబీ అండర్‌టోన్ ఉన్న ఫౌండేషన్ వేసుకుంటూ ఎరుపు పోవడం లేదని బాధపడేవారిని చాలామందిని చూశాను. వారికి మార్చవలసింది ఫౌండేషనే. ముందు దానిని సరిచూసుకుని, ఇంకా ఎరుపు తేలుతుంటేనే కరెక్టర్ దగ్గరికి వెళ్లండి.

అయితే మీ ముఖం మీద ఉన్నది నిజంగా ఎరుపేనా అన్నది ముందుగా తేల్చుకోవాలి. దీనికి ఇంట్లో చేసుకోదగిన తేలికైన పరీక్ష ఉంది. పగటి వెలుగులో కిటికీ దగ్గర నిలబడి, శుభ్రమైన పారదర్శకమైన గాజు గ్లాసు పక్క భాగాన్ని ఆ చోట మెల్లగా అదిమి పట్టి, గాజు గుండా చర్మాన్ని అద్దంలో చూడండి. అదిమినప్పుడు రంగు వెలిసిపోయి, గ్లాసు తీయగానే మళ్లీ నిండితే అది రక్తనాళాల ఎరుపు. అదిమినా రంగు అలాగే నిలిచి ఉంటే అది చాలావరకు మెలనిన్ మచ్చ. చర్మవ్యాధి నిపుణులు చిన్న గాజు పలకతో చేసేది ఇదే. మొదటిదానికి ఆకుపచ్చ పనిచేస్తుంది. రెండోదానికి ఆకుపచ్చ రాస్తే మచ్చ ఇంకా మురికిగా కనిపిస్తుంది. రెండూ కలిసి ఉండడం కూడా మన ముఖాల్లో మామూలే.

మేకప్ గురించి అడిగితే జబ్బుల గురించి చెబుతున్నానని అనుకోకండి. కారణం తెలియకుండా పూత పూస్తే పూత నిలవదు, చర్మం ఇంకా చెడుతుంది. ముక్కు పక్కల ఎరుపుతోపాటు పొట్టు రేగుతోందని మీరు రాశారు. కనుబొమ్మల్లో, తలలో కూడా చుండ్రులాంటి పొట్టు ఉంటే అది సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు. దానికి వైద్యులు ఇచ్చే పూతమందుతో కొద్ది వారాల్లోనే గుణం కనిపిస్తుంది. పొట్టు ఉన్న చర్మం మీద ఏ కరెక్టర్ వేసినా ఆ పొరల అంచులను పట్టుకుని ఆకుపచ్చని చుక్కలుగా తేలుతుంది. ఎండలోకి వెళ్లినప్పుడు, వేడి టీ తాగినప్పుడు, కారం తిన్నప్పుడు బుగ్గలు మంటెత్తి ఎర్రబడుతుంటే రొజేషియా అయి ఉండవచ్చు. నలభై డిగ్రీలు దాటే వేసవి, వేడి సంగటి, ఎర్రకారం ఉన్న మన సీమలో దానిని రెచ్చగొట్టేవాటికి కొదవ లేదు. రెండు బుగ్గలనూ ముక్కు దూలాన్నీ కలుపుతూ ఎరుపు పరుచుకుని, వెంట కీళ్ల నొప్పులు, జ్వరం, నీరసం ఉంటే మాత్రం మేకప్ మాట పక్కనపెట్టి వెంటనే వైద్యులకు చూపించుకోవాలి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. తెల్లబడడానికని, మంగుమచ్చలకని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న ట్యూబును నెలల తరబడి రాసుకున్న ముఖాలు నా కుర్చీలోకి తరచుగా వస్తుంటాయి. ఆ ట్యూబుల్లో చాలావాటిలో బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. మొదటి వారాల్లో ముఖం తేటపడుతుంది. తరువాత చర్మం పలుచబడి, సన్నని ఎర్రని రక్తనాళాలు పైకి తేలి, ఎండ తగిలితే మంట, కొత్త మొటిమలు, నూగు వెంట్రుకలు మొదలవుతాయి. మందు మానగానే ఎరుపు రెట్టింపై భగ్గుమంటుంది కాబట్టి భయపడి మళ్లీ అదే రాస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి స్టెరాయిడ్ పూతమందులను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ నిబంధన కిందికి తెచ్చింది. అయినా చీటీ అడగని దుకాణాలు ఉన్నాయి. మీ ఇంట్లో ఉన్న క్రీముల పేర్లు కాదు, వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. పైన చెప్పిన మూడింటిలో ఏది కనిపించినా, ఆ ట్యూబును తీసుకుని చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లండి. ఎలా మానాలో వారే చెప్పాలి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది, ప్రైవేటుగా ఖర్చు పెట్టనక్కరలేదు. పెళ్లికి ఇంకా సమయం ఉంది కనుక ఈ పని ముందు చేయండి. మేకప్ ఆ తరువాత సగం తేలికవుతుంది.

ఇక పెళ్లి నెలలో చర్మాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలో చెబుతాను. పెళ్లి దగ్గరపడుతుంటే ఫేషియల్, బ్లీచ్ అని పార్లర్‌కు పరుగెత్తడం మనవాళ్ల అలవాటు. ఎరుపు ఉన్న ముఖానికి బ్లీచ్ వద్దు. కనుబొమ్మల త్రెడింగ్ ఉంటే నాలుగైదు రోజుల ముందే ముగించుకోండి. అనంతపురంలో చాలా ఇళ్లలో వాడేది బోరు నీళ్లే. ఆ ఉప్పు నీళ్లలో సబ్బు సరిగా వదలక చర్మం మీదే మిగిలి మంట పెడుతుంది. కాబట్టి సబ్బు మాని వాసన లేని మృదువైన ఫేస్‌వాష్ వాడండి, వీలైతే చివరిసారి మంచినీళ్లతో కడుక్కోండి. కొత్త కరెక్టర్, కొత్త ఫౌండేషన్ ఏది కొన్నా ముందు చెవి వెనుకనో మోచేతి మడతలోనో రాసి రెండు రోజులు చూడండి. నలుగులో పసుపు పెట్టే ఆచారం ఉంటే ఆడపడుచుగా మీకూ పూస్తారు. పసుపు వదలకుండా మేకప్ వేస్తే కరెక్టర్ రంగు మారిపోతుందని గుర్తుంచుకోండి.

పెళ్లినాటి పద్ధతి ఇది. ముఖం కడిగి, తుండుతో రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. అది ఇంకిన తరువాత ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసి పది, పదిహేను నిమిషాలు ముఖాన్ని వదిలేయండి. ఈ ఆగడం చాలామంది చేయరు. సన్‌స్క్రీన్ కుదురుకోకముందే కరెక్టర్ వేస్తే రెండూ కలిసి ఉండలు కడతాయి, ఆ ఉండలను తీయబోయి రుద్దితే ఎరుపు కొత్తగా పుడుతుంది. ఎరుపు మండుతుంటే చల్లని నీళ్లలో పిండిన మెత్తటి బట్టను కొన్ని నిమిషాలు కప్పండి. ఐసు ముక్కను నేరుగా ముఖం మీద రుద్దడం కొన్ని పార్లర్లలో ఉంది. ఎరుపు ముఖానికి అది మేలు చేయదు.

ఇప్పుడు కరెక్టర్. ఒక్కొక్క బుగ్గకు బియ్యపు గింజంత చాలు. దానిని చేతి వెనుక వేసి ఉంగరపు వేలితో మెత్తగా నలిపి వెచ్చబరచండి. అప్పుడది పలుచగా సాగుతుంది. ఎరుపు అన్నిటికన్నా గాఢంగా ఉన్న చోట, అంటే మీకు ముక్కు పక్క మడతలోనూ బుగ్గ మధ్యలోనూ మొదటి తట్టు పడాలి. అక్కడి నుంచి వెలుపలికి వేలిని తడుతూ పోవాలి, లాగకూడదు. అంచు దగ్గరికి వచ్చేసరికి వేలికి రంగు మిగలకుండా ఉండాలి. నుదురు, గడ్డం, కళ్ల కింద ఎరుపు లేదు కాబట్టి అక్కడ ఒక్క చుక్క కూడా వద్దు. ఈ దశలో అద్దంలో చూస్తే ముఖం ఆకుపచ్చగా కనిపించకూడదు. ఎరుపు కాస్త వెలిసి, మట్టి ఛాయకు తిరిగినట్టు ఉంటే అక్కడితో ఆపండి. ఇంకా ఎరుపు ఉంది కదా అని చెయ్యి మళ్లీ ట్యూబు వైపు పోతుంది. పోనివ్వకండి, ఫౌండేషన్ పని ఇంకా మిగిలే ఉంది. ఎరుపు రెండు బుగ్గలంతా పరుచుకుని ఉన్నవారు, కరెక్టర్‌ను రంగు లేని ప్రైమర్‌తో ఒకటికి రెండు పాళ్లు కలిపి పలుచన చేసి వేసుకోవడం మంచిది. ఒక్క మొటిమ ఎర్రగా ఉంటే సన్నని కుంచె మొనతో ఆ మొటిమ మీద మాత్రమే పెట్టి, చుట్టూ అంచును శుభ్రమైన వేలితో కరిగించాలి.

ఒకటి రెండు నిమిషాలు ఆగి ఫౌండేషన్ వేయండి. తడిపి గట్టిగా పిండిన స్పాంజితో నొక్కుతూ వేయాలి. కుంచెతో ఈడిస్తే కింద వేసిన ఆకుపచ్చ కదిలి ఫౌండేషన్‌లో కలుస్తుంది, మీరు చూసిన బూడిద రంగులో కొంత భాగం ఇలా కూడా వచ్చి ఉండవచ్చు. ఫౌండేషన్ రంగును చేతి మీద కాదు, దవడ ఎముక దగ్గర మెడకు ఆనించి, దుకాణం బయట పగటి వెలుగులో ఎంచుకోవాలి. ఎరుపు బుగ్గతో పోల్చి ఎంచుకుంటే ముఖం మెడకన్నా గులాబీగా తేలుతుంది. అంతా అయ్యాక బుగ్గలు మరీ చప్పగా అనిపిస్తే, ఇటుక రంగు బ్లష్‌ను చిటికెడు బుగ్గ ఎముక మీద పెట్టండి. తీసేసిన ఎరుపును మళ్లీ పెట్టడమేమిటని అడుగుతారు. మనకు అక్కరలేనిది ముక్కు పక్కన మచ్చలు మచ్చలుగా ఉండే ఎరుపు. బుగ్గ ఎముక మీద సమంగా ఉండే ఎరుపు ముఖానికి ప్రాణం.

పౌడర్ కొద్దిగా, ముక్కు పక్కలా నుదుటి మీదా మాత్రమే. పొట్టు ఉన్న చోట వద్దు. ఆకుపచ్చ ఛాయ ఉన్న లూజ్ పౌడర్లు మన రంగుకు పనికిరావు. బయలుదేరే ముందు ఫోనులో ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీసుకుని చూడండి. టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, సిలికా ఎక్కువగా ఉన్న పౌడర్ కంటికి కనబడకపోయినా ఫ్లాష్‌లో తెల్లగా వెలుగుతాయి. ముందుగానే ఒక రోజు ఇంట్లో మొత్తం వేసుకుని, కిటికీ వెలుగులోనూ ట్యూబులైటు కిందా రెండుచోట్లా చూసుకుంటే పెళ్లినాడు ఆందోళన ఉండదు.

చీర గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పారిస్‌లోని గోబెలాన్ నేత కార్ఖానాలో అద్దకపు పని చూసేవారు. పక్కపక్కనున్న రంగులు ఒకదానినొకటి మార్చి చూపుతాయని 1839లో వివరంగా రాసింది ఆయనే. ఆకుపచ్చ పక్కన ఉన్న ఏ రంగైనా ఎరుపు వైపు మొగ్గినట్టు కంటికి తోస్తుంది. అంటే, ముఖంలో ఎరుపు ఉన్నవారు చిలకపచ్చ పట్టుచీర, అదే రంగు రవిక వేసుకుంటే బుగ్గల ఎరుపు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. మెరూను, ముదురు వంగపండు రంగు చీరల పక్కన అదే ఎరుపు అణిగిపోతుంది. ఆకుపచ్చ చీరే కట్టాలని పెద్దలు అంటే, కనీసం రవికను, మెడ దగ్గర పడే పైట అంచును ఎరుపు కుటుంబంలో ఎంచుకోండి. కరెక్టర్ చేసే పనిలో కొంత చీరే చేసిపెడుతుంది.

పెళ్లి పందిట్లో వైశాఖపు ఎండ, హోమం వేడి, చెమట మూడూ ఉంటాయి. చెమటను తుడవకండి. టిష్యూను రెండు మడతలు వేసి అద్దండి. తుడిస్తే ఫౌండేషన్ పోయి కింది ఆకుపచ్చ బయటపడుతుంది. అలా బయటపడిన చోట పైన కొద్దిగా ఫౌండేషన్ అద్దాలి గానీ మళ్లీ కరెక్టర్ వేయకూడదు. హోమగుండానికి ఎదురుగా కాకుండా గాలి వచ్చే వైపు కూర్చోండి, వేడి కాఫీ బదులు చల్లని మజ్జిగ తాగండి. ఇంటికి రాగానే, ఎంత అలసట ఉన్నా, మేకప్ తీయడానికి వాడే మైసెల్లార్ వాటర్‌లో తడిపిన దూదిని కొన్ని క్షణాలు అదిమి పట్టి మేకప్ కరిగించి, ఆపైన మెత్తగా కడగండి. కొబ్బరినూనెతో తీయడం మన ఇళ్లలో పాత పద్ధతే అయినా, సెబోరిక్ డెర్మటైటిస్ ఉన్న ముఖానికి అది సరిపడదు. ఆ జబ్బును పెంచే ఈస్టు అనే శిలీంధ్రానికి నూనెల్లోని కొవ్వు ఆమ్లాలే ఆహారం.

మీ చెల్లెలి మచ్చలకు ఈ ట్యూబు వద్దు. మొటిమ మానిన తరువాత మన చర్మం మీద మిగిలేవి చాలావరకు గోధుమ, నలుపు మచ్చలే. వాటికి గోధుమవన్నె వారికి పీచ్ రంగు, ముదురు చామనఛాయ వారికి నారింజ రంగు కరెక్టర్ సరిపోతుంది. కొత్తగా మానిన మొటిమ ఇంకా ఎర్రగా ఉంటే గాజు గ్లాసుతో అదిమి చూడమనండి. వెలిసిపోయిన మచ్చల మీద మీ ఆకుపచ్చను మొనతో పెట్టవచ్చు, నిలిచిపోయిన వాటి మీద పీచ్ పెట్టాలి. మొటిమలు ఇంకా వస్తూనే ఉంటే, మీరు చర్మవ్యాధి నిపుణులను కలవడానికి వెళ్లే రోజునే ఆమెను కూడా వెంట తీసుకువెళ్లండి.